గోడ మింగిన గుమ్మం

"ఆ చెక్క ముట్టుకోకు."

వెనకనుంచి వచ్చిన ఆ గొంతు ఎవరిదో తెలియడానికి చిన్నమేస్త్రి తల తిప్పనక్కర్లేదు. మూడేళ్లుగా తనకి పని నేర్పిన గొంతు అది. అన్నం తిన్నావా అని రోజూ అడిగిన గొంతు అది. బాబాయిది.

కథ మధ్యలో వచ్చి కూచున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేయాలి. మూడేళ్ల కిందట ఇదే ఇంట్లో, ఇదే మేడమీద, చిన్నమేస్త్రి తండ్రి పెద్దమేస్త్రి గుమ్మాలకీ కిటికీలకీ చెక్కపని చేస్తూ ఒకరోజు ఇంటికి తిరిగి రాలేదు. అదే రోజు ఇంటావిడ నగల పెట్టె కూడా కనపడకుండా పోయింది. రెండిటినీ ముడేసి లోకం ఒక కథ అల్లేసుకుంది. ఆ కథని మొదట ఇంటికి మోసుకొచ్చింది బాబాయే. అప్పట్నుంచీ చిన్నమేస్త్రి తల్లి వీధి తలుపు దాటి బయటికి రాలేదు. తండ్రి పనిముట్లు భుజాన వేసుకున్న కూతురు మాత్రం, తను ఎవరి బిడ్డో చెప్పకుండా ఈ ఇంట్లోనే పని ఒప్పుకుంది. ఈ మధ్యే ఇంటిని రెండుగా పంచుకున్నారు. వెనక సగం ఇంటావిడది, ముందు సగం ఆమె తమ్ముడిది. ఆ తమ్ముడి కుటుంబం ఇవాళ సాయంత్రమే దిగుతోంది. ఈలోగా మేడమీది ఈ చివరి గది పూర్తవ్వాలి.

ఈ గదిలో చిన్నమేస్త్రి పని కిటికీ చుట్టూ కొత్త పట్టీలు బిగించడం. అంతే. నేల అంచున గోడల వెంబడి తిరిగే స్కర్టింగ్ చెక్క జోలికి మాత్రం పోవద్దని ఇంటావిడ మరీ మరీ చెప్పింది. మరీ మరీ చెప్పబట్టే ఆమె వంగి చూసింది.

ఇప్పుడు మోకాళ్ల మీద కూచుని, ఉలి మొనని చెక్కకీ గోడకీ మధ్య పెట్టి ఉంది. బాబాయి మాట విన్నా ఉలి తియ్యలేదు.

"ముట్టుకుంటే ఏమవుతుంది బాబాయ్?"

"ఏమవుతుందా? సాయంత్రానికి గది అప్పజెప్పాలి. పీకిన చెక్క మళ్లీ అలాగే కూచోదు. లే, ఇంటికి పోదాం. నువ్వు ఇక్కడ పనిచేస్తున్నావని ఇప్పుడే ఎవరో చెప్తే పరిగెత్తుకొచ్చాను. ఈ ఇంటి గడప తొక్కనని మీ అమ్మ ముందు ఒట్టేసినవాణ్ణి. నీకోసం తొక్కాల్సొచ్చింది."

"ఇవాళే తొక్కావా?"

"మరి?"

"ఈ కోత చూసి చెప్పు. ఎవరిది?"

బాబాయి వంగలేదు. నిలబడే చూశాడు. వడ్రంగి కంటికి ఆ దూరం చాలు.

గది మూలలో రెండు చెక్కలు కలిసే చోట పాత లప్పం ఎండి, పగిలి, గోరంత సందు నోరు తెరిచింది. రెండు చెక్కల్నీ ఏటవాలుగా కోసి ముక్కుకి ముక్కు ఆనించిన అతుకు అది. పెద్దమేస్త్రి గోడ మూలల్లో ఏనాడూ అలా కొయ్యలేదు. ఆయన ఒక చెక్కని నిండుగా గోడ కొస దాకా పోనిచ్చేవాడు. రెండోదాని కొసని, మొదటి చెక్క ముఖం మీద వంపు ఎలా ఉంటే అలా సన్నరంపంతో తొలిచి, చొక్కా తొడిగినట్టు దానిమీద తొడిగేవాడు. ఎండలు ముదిరినా వానలు పట్టినా ఆ అతుకు పట్టు వదిలేది కాదు.

"మీ నాన్న ఏదో తొందరలో కోసుంటాడు," అన్నాడు బాబాయి.

"నాన్నకి తొందరా? తన పెళ్లికి తనే ఆలస్యంగా వెళ్లాడని నువ్వే కదా చెప్పి చెప్పి నవ్వేవాడివి." ఆమె ఉలి మొనతో లప్పాన్ని గీకింది. పిండిలా రాలింది. "మూలని ఎవడు చూడొచ్చాడు, లప్పం కొట్టి పారేయ్. ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పావో లెక్కుందా?"

"లప్పం మాట ఎత్తారంటే నన్ను పిలిచినట్టే," అంటూ వసారాలోంచి ఒక తల లోపలికి తొంగిచూసింది. రంగులాయన. ఏ గీత కనపడినా, ఏ మచ్చ కనపడినా రెండో కోటులో కలిసిపోతుందిలే అంటాడు గనక పనిలో అందరూ ఆయన్ని రెండో కోటు అనే పిలుస్తారు. గడ్డం మీద కూడా తెల్లరంగు చుక్కలు. "మేస్త్రమ్మా, నీ కిటికీ పట్టీలు ఎప్పుడు బిగిస్తావు, నేను ఎప్పుడు రంగు వెయ్యాలి? అది ఎప్పుడు ఆరాలి? వచ్చేవాళ్లు ఆనుకుని నిలబడితే వాళ్ల వీపులకి కూడా నేనే జవాబు చెప్పుకోవాలి."

"కాసేపు ఆగండి మావయ్యా. ఇంటి సంగతి మాట్లాడుకుంటున్నాం."

రెండో కోటు బాబాయి ముఖం చూశాడు, ఆమె చేతిలో ఉలి చూశాడు. వెనక్కి తగ్గాడు. వసారాలో బ్రష్షు చప్పుడు మాత్రం మళ్లీ మొదలవ్వలేదు.

బాబాయి గొంతు తగ్గించాడు. "సరే. ఆ గోడ చెక్క నేనే మార్చాననుకో. చెదపట్టిందని కబురు చేస్తే వచ్చుంటాను. గుర్తులేదు."

"రానని ఒట్టేసిన ఇంటికి రావడం గుర్తుండదా?"

బాబాయి కిటికీ వైపు జరిగాడు.

చిన్నమేస్త్రి లేచి నిలబడింది. మోకాళ్లకి అంటిన పొట్టు దులుపుకోలేదు. "చెక్క ఒక్కటే అయితే నేనూ ఊరుకునేదాన్ని బాబాయ్. మిగతా మూడు గోడలూ చూడు. అవి నాన్నవే. కళ్లు మూసుకుని వేలు రాసినా చెప్పగలను. కానీ గదంతా తిరగబడి ఉంది."

"ఏం తిరగబడింది?"

"నాన్న మొదటి చెక్క కొయ్యబోయే ముందు ఏం చేసేవాడు?"

 ఆ అన్నదమ్ముల దగ్గర పనిచేసిన ఎవరినడిగినా చెప్తారు. పెద్దమేస్త్రి రంపం పట్టుకునే ముందు వెళ్లి గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసేవాడు. లోపలికి అడుగుపెట్టే మనిషి చూపు ముందు ఎదుటి గోడమీద పడుతుంది. ఆ గోడకి నిండు చెక్క వెయ్యాలి. పక్కగోడల చెక్కలే వచ్చి దాన్ని తొడుక్కోవాలి. అలా చేస్తే ఎప్పుడైనా అతుకు వదులైనా, ఆ సందు వచ్చినవాళ్ల కంటికి ఎదురుపడదు. ఇంట్లోకి వచ్చేవాడికి ముందు మన తప్పు కనపడకూడదురా అని తమ్ముణ్ణి కేకలేసేవాడు. తమ్ముడు మాత్రం, చెక్కకి ఎటు తిప్పినా ఒకటే ముఖం అని నవ్వేసేవాడు.

"ఇదిగో, ఈ గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కిటికీ గోడ," అంది చిన్నమేస్త్రి వసారా వైపు గుమ్మం చూపిస్తూ. "నిండు చెక్క దానికుండాలి. లేదు. కిటికీ గోడ చెక్కే కొస తొలిపించుకుని ఎడమ గోడ చెక్కని తొడుక్కుంది. నిండు చెక్క ఎడమ గోడకి వేశాడు నాన్న. ఎందుకు?"

"మర్చిపోయుంటాడు."

"ఎడమ గోడ ఎదురుగా కనపడాలంటే మనిషి ఎక్కడ నిలబడాలి?"

అడుగుతూనే ఆమె ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. ఎడమ గోడని చూస్తూ, ఒక కన్ను మూసుకుని. వీపు కుడి గోడకి తగిలేదాకా నడిచింది. నిన్నటిదాకా ఆ గోడకి ఆనుకుని ఒక పెద్ద బీరువా ఉండేది. రంగులు వెయ్యడానికని జరిపారు. బాబాయి కోసిన చెక్క ఉన్నది ఆ గోడ అడుగునే.

"ఇక్కడ," అంది. "గుమ్మం ఇక్కడుండేది. నాన్న ఈ గదికి చెక్కపని చేసినప్పుడు మనుషులు ఇటునుంచి లోపలికొచ్చేవాళ్లు. నువ్వు దీన్ని మూశావు. వసారాలోకి ఆ కొత్త గుమ్మం తెరిచావు. ఇక్కడ అటూ ఇటూ ఉన్న నాన్న చెక్కల కొసలు కూడా ఏటవాలుగా కోసేసి, పొడుగాటి చెక్క ఒకటి అడ్డంగా కొట్టి, రెండు మూలల్లో లప్పం కుక్కావు. కాదను."

బాబాయి కిటికీ దగ్గర ఉన్న చెక్కబల్ల మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. "అమ్మగారు పిలిపించింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"మీ నాన్న కనపడకుండా పోయిన మర్నాడు. నగలు పోయింది ఆ పక్క గదిలోంచట. ఆ గుమ్మం చూస్తే కడుపు మండిపోతోంది, మూసిపారేయ్ అంది. నోరు మెదపకుండా చేసిపెడితే మీ అన్న మీద ఫిర్యాదు ఇవ్వనంది. అన్నకి సంకెళ్లు పడకూడదనుకున్నాను. మూశాను."

"మూసేముందు ఆ గదిలోకి తొంగిచూశావా?"

"లేదు."

"చూడలేదా, చూడనివ్వలేదా?"

"చూడాలనిపించలేదు."

"మీ అన్న ఆఖరిసారి పనిచేసిన గది. ఆ గదిలోంచి మనిషి మాయమైపోయాడు. నీకు చూడాలనిపించలేదు."

"దొంగతనం చేసి పారిపోయినవాడి కోసం ఏం చూడమంటావు?"

"ఇప్పుడే కదా అన్నావు, అన్న కోసం చేశానని. ఇంతలోనే దొంగ అయిపోయాడా?"

బాబాయి తలెత్తాడు.  అప్పుడే వసారాలో చేతికర్ర చప్పుడు దగ్గరికొచ్చింది.

ఇంటావిడ గుమ్మంలో నిలబడింది. జుట్టు ముగ్గుబుట్టలా నెరిసింది గానీ నడుము ఇంకా వంగలేదు. వచ్చీరాగానే ఆమె చూపు గోడమీద పడలేదు, చిన్నమేస్త్రి మీద పడలేదు. సూటిగా బాబాయి మీద పడింది. చిన్నమేస్త్రి ఆ చూపు గమనించింది కానీ దాని అర్థం అప్పుడు తెలియలేదు.

"నువ్వెందుకొచ్చావు?" అంది ఇంటావిడ బాబాయితో.

"పిల్లని తీసుకెళ్దామని వచ్చాను అమ్మగారూ."

"అయితే తీసుకెళ్లు. అమ్మాయ్, పనిముట్లు సర్దుకో. కిటికీ పని వేరేవాళ్ల చేత చేయించుకుంటాను."

"నేను వెళ్లనండి," అంది చిన్నమేస్త్రి.

"ఏమన్నావు?"

"ఈ గోడ తెరిచి చూడందే వెళ్లను. ఇక్కడ ఒక గుమ్మం ఉంది. దాని చుట్టూ మా నాన్న చెక్కపని చేశాడు. ఆయన చేతిపని నాకు కనపడాలి. ఆయన ఏమైపోయాడో కూడా దాని వెనకే ఉంది."

"దాని వెనక గది నా సగం ఇంట్లోది. నా గోడ."

"ఇటువైపు ముఖం మీ తమ్ముడిగారిది. ఆయన్నే అడుగుతాను, వస్తారుగా సాయంత్రం."

ఇంటావిడ కర్రని నేలకి ఒక్కసారి తాటించింది. "నువ్వెవరి కూతురివో నాకు తెలియదనుకుంటున్నావా? మొదటి రోజే తెలుసు. తెలిసే పనిలో పెట్టుకున్నాను. ఇప్పుడు మాట వినకపోతే ఆ సంగతి నలుగురికీ చెప్తాను. నగలెత్తుకుపోయిన మేస్త్రి కూతురని తెలిస్తే నిన్ను ఎవరు గుమ్మం ఎక్కనిస్తారో చూద్దాం. నీ రంపం తుప్పుపట్టి పోతుంది. వెళ్లు."

ఆ బెదిరింపుకే చిన్నమేస్త్రి మూడేళ్లుగా భయపడుతూ బతికింది. అడిగిన ప్రతి ఇంట్లోనూ తండ్రి పేరు మింగేసింది. తీరా అది ఎదురుగా వచ్చి నిలబడితే, భయం ఉండాల్సిన చోట మంట ఉంది.

"మీకా శ్రమ ఎందుకండి," అంది. ఇంటావిడ పక్కనుంచి వసారాలోకి నడిచింది. మెట్ల దగ్గర నిలబడి, కింద నేల రుద్దుతున్నవాళ్లకీ, తీగలు లాగుతున్నవాళ్లకీ, అందరికీ వినపడేలా గొంతెత్తింది. "అందరూ ఒక్కసారి వినండి. ఈ ఇంట్లో చెక్కపని చేస్తూ కనపడకుండా పోయిన పెద్దమేస్త్రి ఉన్నాడే, ఆయన మా నాన్న. నేను ఆయన కూతుర్ని. ఆయన పనిముట్లతోనే పనిచేస్తున్నాను. దొంగ కూతురి పక్కన పనిచెయ్యడం ఇష్టంలేనివాళ్లు ఇప్పుడే చెప్పండి."

కింద రాపిడి చప్పుళ్లు ఆగిపోయాయి.  వసారాలో నిచ్చెన మీదనుంచి రెండో కోటు గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రమ్మా, ఇది చెప్పడానికా ఇంత గొంతు చించుకున్నావు? నువ్వు వచ్చిన పూటే మాకందరికీ తెలుసు. ఒక కన్ను మూసుకుని గుమ్మంలో నిలబడే పిచ్చి ఈ లోకంలో ఒక్క మనిషికే ఉండేది. నీకు నువ్వుగా చెప్పేదాకా మనకెందుకులే అనుకున్నాం." నిచ్చెన దిగుతూ అన్నాడు. "ఆయన దొంగ అని నేనెప్పుడూ నమ్మలేదు. నా బ్రష్షు ఒకటి అడిగి తీసుకుని, కడిగి, తుడిచి, ఆరబెట్టి తెచ్చిచ్చిన మనిషి. బ్రష్షు కడగని వడ్రంగుల్నే చూశాను నేను జన్మంతా."

కింద ఎవరో నవ్వారు. నేల రుద్దే చప్పుడు మళ్లీ మొదలైంది. అదే వాళ్ల జవాబు.

చిన్నమేస్త్రి కళ్లు తుడుచుకుంది. ఏడవడానికి ఇది వేళ కాదు. వీధిలో బండి హారన్ మోగింది. తమ్ముడిగారి సామాను అప్పుడే వచ్చేసింది.

"మావయ్యా, మీరు కిందికెళ్లి ఆ బండిని ఆపండి. నేను చెప్పేదాకా ఒక్క కుర్చీ కూడా పైకి రాకూడదు."

"వాళ్లు ఏమిటని అడిగితే?"

"రంగు ఆరలేదని చెప్పండి."

"వెయ్యని రంగు ఎలా ఆరుతుంది? నిజమే చెప్తానులే." రెండో కోటు చకచకా మెట్లు దిగాడు.

గదిలోకి తిరిగొచ్చేసరికి ఇంటావిడ, బాబాయి ఎడంగా చెరో గోడ దగ్గర ఉన్నారు. ఇద్దరి మధ్యా మాటలు నడిచినట్టు లేదు. చిన్నమేస్త్రి ఎవరి వైపూ చూడకుండా కుడి గోడ అడుగున కూచుంది. ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టింది. రెండోది. మేకులు కీచుమన్నాయి. బాబాయి చెక్క విల్లులా వంగి ఊడొచ్చింది.

స్కర్టింగ్ వెనక సిమెంటు పూత నేల దాకా రాదు. ఎలాగూ చెక్క కప్పేస్తుంది గదా అని తాపీమేస్త్రీలు జానెడు పైనే ఆపేస్తారు. అటూ ఇటూ ఇటుకలు కనపడ్డాయి. మధ్యలో తలుపు వెడల్పున ఇటుకల్లేవు. ప్లైవుడ్ అంచు. దాని కింద నేలమట్టానికి కోసేసిన పాత గడప.

వేలి కణుపుతో కొట్టింది. డొల్లగా మోగింది.

"చాలు," అంది ఇంటావిడ. ఇందాకటి అధికారం ఆ గొంతులో లేదు. "అమ్మాయ్, నా మాట విను. ముందు మీ బాబాయిని ఇంటికి పంపించు. ఆ తరవాత నీకేం కావాలన్నా చెప్తాను, ఏం చూడాలన్నా చూపిస్తాను."

"ఆయన ముందే చూపించండి."

"ఎందుకు చెప్తున్నానో అర్థం చేసుకో."

"ఇన్నాళ్లూ అందరూ ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లతో మాట్లాడుకోబట్టే మా అమ్మ తలుపు మూసుకుని బతుకుతోంది. ఇంక చాటుమాటు మాటలు వద్దు. ఏదైనా అందరి ముందే." మేకులు పీకే ఇనుప కడ్డీ సంచిలోంచి తీసి బాబాయి ముందుకు చాపింది. "నువ్వు మూసినది నువ్వే తెరువు బాబాయ్."

"కడ్డీ అతనికివ్వకు," అంది ఇంటావిడ.

అప్పటికే ఇచ్చేసింది.

బాబాయి కడ్డీని అరచేతిలో ఒకసారి తూచుకున్నాడు. తరవాత ప్లైవుడ్ అంచు కింద దూర్చి, ఒళ్లు బరువంతా వేసి నొక్కాడు. రంగు పెచ్చులు రాలాయి. పైనుంచి కిందిదాకా గీత పడ్డట్టు గోడ చీలింది. ఇంకోసారి నొక్కాడు. ప్లైవుడ్ రేకులా ఊగి, దుమ్ము లేపుకుంటూ పక్కకి పడింది.

వెనక తలుపు ఉంది.

మామూలు టేకు తలుపు. దాని చుట్టూ మూడువైపులా ద్వారబంధాన్ని కప్పుతూ పట్టీలు. పై మూలల్లో వెంట్రుక కూడా దూరని అతుకులు. మూడేళ్లు చీకట్లో ఉన్నా ఒక్క చోట పట్టు వదల్లేదు. చిన్నమేస్త్రి వేళ్లతో మూల తడిమింది. తండ్రి చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

తలుపు తోసింది. కదల్లేదు. ఇటువైపు గడియ లేదు, తాళం లేదు. లోపలినుంచి బిగించి ఉంది.

అప్పుడు చూసింది కింద. గడప కోసేసిన సందులోంచి గాలికి ఏదో కదిలి ఇవతలికి దొర్లింది. చిత్రిక పడితే చుట్టలు చుట్టుకుని రాలే చెక్కపొర. కాగితం కంటే పల్చగా, తెగకుండా, పొడుగ్గా. చేతిలోకి తీసుకుంది. మూడేళ్ల నాటిదైతే ముదురురంగుకి తిరిగి, ముట్టుకోగానే పొడైపోవాలి. ఇది తెల్లగా ఉంది. వేలి చుట్టూ తిప్పితే వంగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి చెక్క వాసన.

ఈ గదిలో చిత్రిక పడుతుంటే చప్పుడు రెండుగా వినపడుతోందని నిన్ననే రెండో కోటుతో అంది. ఖాళీ గది కదా, ప్రతిధ్వని అన్నాడాయన. ఆమె ఆపితే అదీ ఆగేది. మళ్లీ మొదలుపెడితే అదీ మొదలయ్యేది. ప్రతిధ్వని కాదు. తన చప్పుడు చాటున ఇంకెవరో చిత్రిక పడుతున్నారు.

"నాన్నా," అంది తలుపుతో.

జవాబు లేదు.

"నాన్నా, నాకు తెలుసు నువ్వున్నావని. గడియ తియ్యి." ఉలి మొనని పట్టీ అతుకులో పెట్టింది. తండ్రి చేసిన ఏ అతుకునీ జన్మలో విరగ్గొట్టనని చిన్నప్పుడే అనుకున్న పిల్ల, సుత్తి ఎత్తింది. "తియ్యకపోతే నీ బంధం ముక్కలు చేసి లోపలికొస్తాను. అమ్మ అక్కడ బతికుండి చస్తోంది. నువ్విక్కడ చెక్కలు నున్నగా చేసుకుంటున్నావా?"

"బంధం పాడుచెయ్యకు."

గొంతు తలుపుకి ఆనుకుని ఉంది. మెల్లగా, బొంగురుగా, చాలా రోజులు వాడని పనిముట్టులా. కానీ ఆయనదే. సుత్తి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"చిన్నమేస్త్రీ," అంది ఆ గొంతు. "నీ పక్కన ఎవరున్నారు?"

"అమ్మగారు. బాబాయి."

  ఇంటావిడ కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది. "గుమ్మం నీ బాబాయి చేతే మూయించమని అడిగింది, ఆ బాబాయి నుంచే దాక్కున్న మీ నాన్న," అంది. "వాడే మూస్తే, దాని వెనక తనుంటాడని వాడికి అనుమానం రాదన్నాడు. నీ పని చప్పుడు వినాలని ఉందంటే నిన్ను పిలిపించాను. అదే నేను చేసిన పొరపాటు. మీ బాబాయిని పంపించెయ్యమని అందుకే మొత్తుకున్నాను తల్లీ."

చిన్నమేస్త్రి ఎత్తిన సుత్తి కిందికి దించింది.

"కడ్డీ ఎవరి దగ్గరుంది?" అంది లోపలి గొంతు.

ఆమె జవాబు చెప్పేలోపే వెనక గడియ పడిన చప్పుడైంది. వసారా గుమ్మం. బాబాయి బిగించిన గుమ్మం, బాబాయి పెట్టిన గడియ. కింద బండి దగ్గర రెండో కోటు ఎవరితోనో వాదిస్తున్నాడు. మేడ మీద ఏం జరుగుతోందో అక్కడికి వినపడదు.

బాబాయి మూసిన తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇందాక చెక్కబల్ల మీద కూలబడ్డ మనిషి కాదు. ముఖంలో పాలిపోయిన రంగు లేదు. కడ్డీ కిందికి వేలాడుతోంది.

"అన్నయ్యా," అన్నాడు తలుపు వైపు, ఎంతో కాలంగా ఒకే ప్రశ్న అడగడానికి ఎదురుచూసినవాడిలా. "పెట్టె ఎక్కడ దాచావు?"

చిన్నమేస్త్రి తిరిగింది. తండ్రి తలుపుకి వీపు ఆనించి, ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో సుత్తి పట్టుకుని, బాబాయి కళ్లలోకి చూసింది. పని నేర్పినవాడి కళ్లలోకి.

"ముందు నాతో మాట్లాడు బాబాయ్," అంది.

ఆమె వీపు వెనక, లోపలి గడియ కదలడం మొదలైంది.